రెండో విస్తరి

నా కడుపులో పుండు మానిందని తెలిసిన వారంలోనే ముగ్గురు మనుషులు మా ఇంటికి వచ్చి ఏ మందు వాడావని అడిగారు. ముగ్గురూ చేత్తో కడుపు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళే. నేను ఆసుపత్రిలో ఇచ్చిన తెల్లపొడి పేరు చెప్పాను. రాసుకుని పోయారు. చెప్పింది అబద్ధం కాదు గానీ అందులో సగం నిజం కూడా లేదు. మిగతాది చెప్పడానికి నాకు సిగ్గు అడ్డం వచ్చింది. వాళ్ళు వెళ్ళాక ఆ సిగ్గు మీద పట్టరాని కోపం వచ్చింది. ఆరేళ్ళు నన్ను లోపల్నించి తిన్నది అదే కదా, ఇంకా దాన్నే మేపుతున్నానేమిటి అనిపించింది. అందుకని కూర్చుని రాస్తున్నాను. చదివేవాళ్ళు జాలిపడనక్కర్లేదు. జాలి నాకు గిట్టదు.

ముందు మా ఇంటి నియమం ఒకటి చెప్పాలి. మా తాతల నాటి నుంచీ ఇంటి యజమాని మధ్యాహ్నం భోజనానికి ఒంటరిగా కూర్చోడు. బయటి మనిషి ఒక్కరైనా వచ్చి విస్తరి ముందు కూర్చున్నాకే తాను కూర్చుంటాడు. మా నాయన కాలంలో ఇది నియమమని కూడా ఎవరికీ తోచేది కాదు. వసారాలో ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్ళు. చుట్టాలు, పొరుగూరి రైతులు, నెల్లూరు కోర్టుకి పోతూ ఆగినవాళ్ళు, ఎండ తగ్గేదాకా కూర్చుందామని వచ్చినవాళ్ళు. పనసచెక్క పీటలు పన్నెండు ఉండేవి. రెండు బంతులు లేస్తే గానీ వంటింట్లో పొయ్యి ఆరేది కాదు.

దాయాదులతో భాగాల తగాదా కోర్టుకెక్కి పదిహేడేళ్ళు నడిచింది. గెలిచిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు. పొలాలు మాత్రం ఇద్దరికీ పోయాయి. మా నాయన 1956లో పోయారు. ఆయన కర్మలకి వచ్చిన చుట్టాలు పదకొండు రోజులూ పీటలు ఖాళీ లేకుండా తిన్నారు. పన్నెండో రోజున చేతులు కడుక్కుని బండ్లెక్కినవాళ్ళు మళ్ళీ మా గేటు తెరవలేదు. నాకు మిగిలింది నాలుగెకరాల మాగాణి, ఎడ్లు లేని ఎడ్లకొట్టం, పన్నెండు పీటలు, ఆ నియమం.

1957

పొలాలు పోతే పోయాయి, నియమాన్ని మాత్రం పోనివ్వకూడదనుకున్నాను. నాకప్పుడు ముప్పయ్యెనిమిదేళ్ళు. నా భార్య శేషమ్మ రోజూ రెండు పీటలు వాల్చి రెండు విస్తళ్ళు వేసేది. ఒకటి నాకు, రెండోది రాబోయే మనిషికి. నేను ఉతికిన పైపంచె వేసుకుని వసారాలో కుర్చీలో కూర్చునేవాణ్ణి.

మా ఊరు ఇందుకూరుపేట దాటాక వస్తుంది. ఆ ఏడే మా ఊరి దాకా బస్సు పడింది. మా ఊరి అవతల సముద్రం దాకా ఇసుక దారి, బండ్లు తప్ప పోవు. అందుకని నెల్లూరు నుంచి వచ్చే బస్సు పదకొండు గంటల ప్రాంతంలో మా ఇంటి ఎదుటే ఆగి, ఒంటిగంటకి వెనక్కి తిరిగేది. దిగేవాళ్ళలో ఎవరైనా మా ఇంటి వైపు తిరుగుతారేమోనని చూసేవాణ్ణి. తిరక్కపోతే, ఊళ్ళో పని చూసుకుని భోజనానికి వస్తారేమోలే అని ఒంటిగంట దాకా చూసేవాణ్ణి. బస్సు వెళ్ళిపోయాక కూడా కాసేపు లేవబుద్ధయ్యేది కాదు. లేచి లోపలికి వెళ్ళేసరికి రెండు. పొద్దున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ ఉండేది కాదు. ఖాళీ విస్తరి పక్కన కూర్చుంటే ఆకలి చచ్చిపోయేది. నాలుగు మెతుకులు మజ్జిగలో కలుపుకుని లేచేవాణ్ణి. ఆ రెండో విస్తరి అంచులు ముడుచుకుపోయి ఉండేవి. శేషమ్మ దాన్ని తీసి పెరట్లో పారేసేది, మర్నాడు మళ్ళీ కొత్తది వేసేది.

ఎవరినైనా పిలవకపోయావా అని మీరు అడగవచ్చు. మా ఇంట అతిథిని పిలవడం లేదు. అతిథి రావాలి. పిలిస్తే బతిమాలినట్టే. పైగా ఊళ్ళో పిలవదగ్గవాళ్ళంతా మా పొలాలు కొన్నవాళ్ళు. మిగిలినవాళ్ళు మా పీటల మీద కూర్చోదగ్గవాళ్ళు కారని నేనే తేల్చేశాను.

బస్సు డ్రైవరు, కండక్టరు ఇద్దరూ మా ఎడ్లకొట్టం చూరు కింద కూర్చుని కారేజీలు విప్పుకుని తినేవాళ్ళు. వాళ్ళ నవ్వులు వసారాలోకి వినపడేవి. నేను వాళ్ళ తలల మీదుగా దారి చూస్తూ ఉండేవాణ్ణి.

1960

మూడేళ్ళకి నొప్పి మొదలైంది. రొమ్ము కింద ఎవరో నిప్పుకణిక పెట్టి మర్చిపోయినట్టు. తింటే తగ్గేది, రెండు గంటలకి మళ్ళీ వచ్చేది. నొప్పి వచ్చినప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని నిటారుగా కూర్చునేవాణ్ణి. బొమికలు బయటపడ్డాయి. ఊళ్ళో ఎవరైనా ఎదురై "ఏందయ్యా చిక్కిపోయినావు" అంటే "ఎండలు" అనేవాణ్ణి, చలికాలంలో కూడా.

శేషమ్మ పోరు పడలేక ఒకసారి నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళాను. వరండాలో పొడుగాటి బెంచీ. దాని మీద రకరకాల మనుషులు. చేపలబుట్ట పక్కన పెట్టుకున్న ముసలామె నన్ను చూసి జరిగి చోటిచ్చింది. "కూర్చో నాయనా, ఎంతసేపు నిలబడతావు" అంది. నేను వినపడనట్టు గోడ వైపు తిరిగాను. రెండు గంటలు అట్లాగే నిలబడ్డాను. కళ్ళు తిరిగాయి. పడిపోతే ఆ బెంచీ మీదే పడుకోబెడతారని భయం వేసి, డాక్టరుని చూడకుండానే ఇంటికి వచ్చేశాను.

శేషమ్మకి చూపించుకున్నానని చెప్పాను. "ఏమన్నాడు?" అని అడిగింది. "ఏమీ లేదన్నాడు" అన్నాను.

ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది. ఆ ముసలామె పక్కన కూర్చుని ఉంటే నా రోగం రెండేళ్ళ ముందే బయటపడేది.

1962, వైశాఖం

ఆ రోజు బస్సు వచ్చి చాలాసేపయింది. నేను మామూలుగానే వసారాలో కూర్చున్నాను. కడుపులో ఏదో వేడిగా కదిలింది. వంగాను. నోట్లోంచి కాఫీ డికాక్షన్ లాంటిది పడింది, దాని వెనకే నెత్తురు. కుర్చీతో సహా పక్కకి ఒరిగాను. శేషమ్మ కేక విన్నాను. ఆ తర్వాత కొట్టం వైపు నుంచి పరిగెత్తుకొస్తున్న అడుగులు విన్నాను.

ముందు వచ్చింది కండక్టరు. అతని పేరు దేవదానమని నాకు అప్పటికి తెలియదు. అయిదేళ్ళుగా రోజూ మా చూరు కింద అన్నం తిన్న మనిషి పేరు తెలియదు.

"మస్తానన్నా, బండి తియ్!" అని అరిచాడు.

"ఇంకా ముప్పావుగంట ఉండాది గదరా టైము" అన్నాడు వెనకాల వచ్చిన డ్రైవరు మస్తానయ్య. నన్ను చూశాక, "వోర్నాయనో" అని మళ్ళీ బస్సు వైపు పరిగెత్తాడు.

దేవదానం నన్ను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. అప్పటికి నేను ఎత్తడానికి బరువు కూడా లేను. నాకు స్పృహ ఉంది. దించమని చెబుదామనుకున్నాను, నోరు తెరిస్తే మాటకి బదులు నెత్తురు వచ్చింది, అతని ఖాకీ చొక్కా మీద. పొడుగు సీటు మీద కూర్చుని నా తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఊళ్ళలో జనం చేతులు ఎత్తుతుంటే కిటికీలోంచి "ఆపేది లే, పక్కకి పోండి!" అని అరుస్తూనే ఉన్నాడు. మధ్యమధ్య నా నోరు తుడుస్తూ, "ఇంకెంత, వచ్చేసినాం అయ్యా, ఇందుకూరుపేట దాటినాం" అని చెబుతూ ఉన్నాడు. పన్నెండు మైళ్ళు ఆ బస్సు ఎక్కడా ఆగలేదు. బస్సు యజమాని దగ్గర ఇద్దరూ చీవాట్లు తిన్నారని తర్వాత తెలిసింది.

చచ్చిపోతానన్న భయం కన్నా, ఆ ఒళ్ళో తల పెట్టుకుని ఉండటం చూసేవాళ్ళు ఏమనుకుంటారోనన్న బాధ నాకు ఎక్కువగా ఉంది. ఇది దాచితే ఇదంతా రాయడం దండగ.

ఆసుపత్రి

విడిగదులు ఖాళీ లేవన్నారు. పెద్ద వార్డులో పడుకోబెట్టారు. నేను మొదటి నాలుగు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. సున్నపునీళ్ళలాంటిది తాగించి కడుపుకి ఫోటో తీశారు. గంటగంటకీ పాలు పట్టారు.

అయిదో రోజున డాక్టరు గారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయనది ముక్కోపం. నాదీ అంతే.

"భోజనం ఎన్ని గంటలకి చేస్తారు?"

"పదకొండున్నరకి."

నా కాళ్ళ దగ్గర నిలబడ్డ శేషమ్మ నోరు తెరిచింది. పరాయి మగవాడి ముందు ఆమె గొంతు విప్పగా నేను వినడం అదే మొదటిసారి.

"అబద్ధమయ్యా. రెండు దాటందే విస్తరి ముందు కూర్చోరు. ఎవురో ఒకరు వస్తేగానీ తినకూడదని వాళ్ళింటి పద్ధతి. ఎవురూ రారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అయిదేళ్ళు దాటింది."

నేను ఆమె వైపు చూసిన చూపుకి వేరే రోజయితే తల దించుకునేది. ఆ రోజు దించుకోలేదు. డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా, మీ ఇంటికి అతిథి రాకపోతే మీ కడుపు మిమ్మల్నే తింటోంది. తెలుస్తోందా? ఇంకోసారి ఇట్లా నెత్తురు పడితే ఇక్కడి దాకా కూడా రారు. పదకొండున్నరకి తినండి. ఇంకో మాట. ఒంటరిగా తినొద్దు. పక్కన మనిషిని పెట్టుకుని, మాట్లాడుతూ తినండి. ఒంటరిగా కూర్చుంటే మీరు తినరు, తిన్నాననుకుని లేస్తారు."

నాకు ఒళ్ళు మండింది. విస్తరి పక్కన మనిషిని కూడా మందుచీటీలో రాస్తారా? ఈయన కొట్లో పొట్లం కట్టించి ఇప్పిస్తాడా నాకు? నలుగురితో కలిసిమెలిసి ఉండమని చెప్పేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ మంటే. ఆ నలుగురూ ఎక్కడ ఉంటారో, వాళ్ళ దగ్గరికి ఏ ముఖంతో పోవాలో వాళ్ళెవరూ చెప్పరు.

చుట్టాలు చూడటానికి వచ్చారు. మా మేనత్త కొడుకు వెంకురెడ్డి బావ ఒక పూట వచ్చాడు. మా నాయన బతికి ఉన్నప్పుడు ఎండాకాలం రెండు నెలలూ మా ఇంట్లోనే ఉండి పెరిగినవాడు. ముక్కుకి పైపంచె అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. "నీకేం బావా, ఇట్టే లేస్తావు" అని, వెంటనే "మీ హాల్లో టేకు బీరువా ఇంకా ఉందా" అని అడిగాడు. పాలు ఇచ్చే వేళయింది. నర్సు వచ్చేలోగా లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం కిటికీలోంచి మస్తానయ్య తల కనిపించింది. లోపలికి రాలేదు. "ఎట్టుండాదయ్యా?" అన్నాడు. "బాగుంది" అన్నాను. "దేవదానం అడగమన్నాడు. టిక్కెట్లు కొట్టుకుంటా ఉండాడు" అని వెళ్ళిపోయాడు. మూడు వారాల్లో పది పన్నెండుసార్లు ఆ తల కిటికీలో కనిపించింది. ఒకసారి కూడా లోపలికి రమ్మని అనలేదు నేను.

1962, కార్తీకం

ఇంటికి వచ్చాక పదకొండున్నరకే కూర్చున్నాను, డాక్టరు మాట ప్రకారం. కూర్చోవడం వరకే నా చేతిలో ఉంది, మింగడం లేదు. చప్పిడి అన్నం, పాలు, పక్కన ఖాళీ విస్తరి. నెల తిరక్కుండా పదకొండున్నర పన్నెండయింది, పన్నెండు ఒంటిగంట అయింది. దసరా వెళ్ళేసరికి నేను మళ్ళీ వసారాలో, మళ్ళీ బస్సు వెళ్ళేదాకా. మళ్ళీ నొప్పి. ఒకరోజు మలం తారులా నల్లగా పడింది. లోపల నెత్తురు కారితే అట్లా ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు. శేషమ్మకి చెప్పకూడదనుకున్నాను. ఆమెకి ఎట్లాగో తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం వాన. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా అంది.

"మీకు కడుపులో పుండు పడింది. నాకెందుకు పడలేదో ఆ దేవుడికే తెలియాల."

"నీకెందుకు పడాలి?"

"మీరు రెండింటికి తింటే నేను మూడింటికి తింటినే. మీరు మజ్జిగ తాగి లేచిన రోజు నేనేం తిన్నానో ఎప్పుడన్నా అడిగినారా? మీరు రాని మనిషి కోసం చూసినారు ఇన్నేళ్ళు. నేను ఇంట్లో ఉన్న మనిషి కోసం చూసినాను."

భార్య ఉండగా నీకు ఒంటరితనం ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే సమాధానం: ఆమె నా ఎదురుగా ఉన్నా నేను గేటు వైపు చూశాను. ఒకే ఇంట్లో ఇద్దరం విడివిడిగా ఆకలితో మాడాం. ఆ నియమం ఆమెని కూడా తింటోందన్న ఊహే నాకు రాలేదు. మనిషినన్న జ్ఞానం ఉంటే అప్పుడు నేను ఏడవాలి. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. విసురుగా వసారాలోకి వచ్చాను.

తూర్పు నుంచి జల్లు కొడుతోంది. కొట్టం చూరు ఎప్పుడో చివికిపోయింది. దాని కింద ఆ ఇద్దరూ గోడకి అంటుకుపోయి నిలబడి, ఒకరి కారేజీకి ఒకరు చెయ్యి అడ్డం పెట్టుకుని తింటున్నారు. ఎంతకాలంగా చూస్తున్నాను ఈ దృశ్యం! పైకప్పు ఉన్న వసారాలో కుర్చీ వేసుకుని, అతిథి రాలేదని కడుపు మాడ్చుకుంటూ చూశాను.

"ఏమయ్యా, అక్కడ తడుస్తూ తినే ఖర్మేమి? ఇట్లా రండి!" అని అరిచాను. పిలుపులా లేదు, తిట్టులా ఉంది.

"వద్దులే అయ్యా, మాకిది అలవాటే" అన్నాడు దేవదానం.

"పిలిచిన ఇంటికి రాకపోవడం యాడి మర్యాద?"

మస్తానయ్య నవ్వాడు. "పిలిచేది మీరు బానే పిలిచినారు. మా కారేజీలో ఎండుచేపల పులుసు ఉండాది. మీ ఇల్లంతా వాసన కొడతాది, తర్వాత మమ్మల్ననొద్దు."

"మా ఇంట్లో ఏ వాసనా లేకనే నేను చస్తున్నాను. రండి."

వచ్చారు. తల తుడుచుకుని వసారాలో కూర్చున్నారు. అంతకన్నా లోపలికి రమ్మని నేను అనలేదు, వాళ్ళూ రాలేదు. నేను హాల్లో నా పీట మీద కూర్చున్నాను. గడపకి అటు వాళ్ళు, ఇటు నేను, మధ్య తలుపులు తీసి. దేవదానం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. నేను అన్నంలో చెయ్యి పెట్టకుండా ఆగాను. అరనిమిషం పట్టి ఉంటుంది. ఆ మాత్రం ఆగడం నా కడుపు ఓర్చుకుంది.

మస్తానయ్య ఆ రోజు బస్సులో కోడిపుంజుని చంకలో పెట్టుకుని వచ్చిన ముసలాయన సంగతి చెప్పాడు. పుంజు దేవదానం చెయ్యి పొడిచిందట, ముసలాయన "నువ్వు దానికి టిక్కెట్టు అడిగినావు గదా, దానికి కోపం వచ్చింది" అన్నాడట. దేవదానం చెయ్యి చూపించాడు. నేను నవ్వాను. నవ్వుతూనే విస్తరి వైపు చూసుకున్నాను. అన్నం అయిపోయింది. శేషమ్మ ఇంకాస్త వడ్డించింది.

1963

రోజూ వచ్చేవాళ్ళు. పది రోజులు గడిచాక మస్తానయ్య అన్నాడు: "అయ్యా, లోపలుండి మీరు మాట్లాడేది మాకు ఇనపడేదానికి మెడలు సాగదీయాల్సి వస్తా ఉండాది. మమ్మల్నన్నా లోపలికి పిలవండి, మీరన్నా బయటికి రండి."

నేను నా పీట తీసుకుని బయటికి వచ్చాను. మూడు పీటలూ వసారాలోనే వేయించాను. వీధిలోకి కనపడేలా. లోపలికి పిలవడానికి ఇంకా ధైర్యం చాలలేదు, దాక్కుని తినడానికి ఇక ఓపిక లేదు. ఊరు చూసింది. ఊరు ఏమన్నదో నాకు చెప్పేవాళ్ళు చెప్పారు. మా తాత నియమంలో "బయటి మనిషి" అనే ఉంది, ఏ మనిషో లేదని జవాబు చెప్పాను.

"మీ చప్పిడి కూడు చూస్తుంటే నాకే జబ్బు వచ్చేట్టుండాది" అనేవాడు మస్తానయ్య. శేషమ్మ వాళ్ళకి పచ్చడి వేసేది, వాళ్ళ పులుసు కాస్త గిన్నెలో అడిగి తీసుకునేది. బస్సు ఆలస్యమైతే నేను ఆగేవాణ్ణి కాదు. అది వాళ్ళు పెట్టిన షరతు. "మేం రాకపోయినా ముందు తినాల. లేకపోతే మా కొట్టం మాకుండాది" అన్నాడు దేవదానం. అట్లాంటి రోజుల్లో శేషమ్మ పక్కన కూర్చుని, వాళ్ళు నిన్న చెప్పిన కబుర్లే మళ్ళీ చెప్పేది.

ఒకసారి దేవదానం నాలుగు రోజులు రాలేదు. జ్వరమని మస్తానయ్య చెప్పాడు. అయిదో రోజున బస్సెక్కి ఇందుకూరుపేటలో దిగి, అతని ఇల్లు అడుగుతూ క్రైస్తవుల వీధికి నడిచి వెళ్ళాను. నులకమంచం వాల్చారు. కూర్చున్నాను. అతని తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడింది. చెయ్యి చాపి తీసుకుని తాగాను. ఇదేదో గొప్ప పని చేశానని రాయడం లేదు. ఎప్పుడో తాగి ఉండాల్సిన నీళ్ళు. ఆసుపత్రిలో చోటిచ్చిన ముసలామె గుర్తొచ్చింది. ఆమెకి చెప్పాల్సిన జవాబు ఇక ఎప్పటికీ చెప్పలేను.

ఆ ఏడు మాఘంలో ఒకరోజు బస్సు ఆగింది. పట్టుకండువా వేసుకుని వెంకురెడ్డి బావ దిగాడు. ఆరేళ్ళుగా చూసిన చూపు ఫలించింది. ఆయన నేరుగా మా గేటు తెరుచుకుని వచ్చాడు, చేతిలో కొడుకు పెళ్ళి శుభలేఖ. అబద్ధమాడను, నా గుండె గంతులేసింది. "శేషా, ఇంకో విస్తరి!" అని కేకేశాను. ఆమె నాలుగో పీట వాల్చి, విస్తరి వేసి వడ్డించింది.

బావ కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి దేవదానం, మస్తానయ్య వచ్చి మామూలుగా వాళ్ళ పీటల మీద కూర్చున్నారు.

"వీళ్ళెవురు బావా?"

"మా బస్సు వాళ్ళు. కూర్చో."

బావ కూర్చోలేదు. నా చెవి దగ్గరికి వంగాడు, అందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు. "ముందు వాళ్ళకి పెట్టి పంపించెయ్. మనం తీరిగ్గా కూర్చుందాం. మామ ఉంటే ఈ పీటల మీద వీళ్ళని చూసి ఏమనేవాడో."

దేవదానం కారేజీ మూత పెట్టి లేచాడు. "మేం కొట్టం కాడికి పోతాంలే రెడ్డిగారూ. మీ చుట్టం వచ్చినాడు."

హాల్లో గడియారం పదకొండున్నర కొట్టింది. నా కడుపులో ఆ నిప్పుకణిక చిన్నగా కదిలింది. అది నాకు బాగా తెలిసిన కదలిక.

"కూర్చో దేవదానం" అన్నాను. బావ వైపు తిరిగాను. "ఆసుపత్రికి ఒక పూట వచ్చినావు బావా నువ్వు. ముక్కు మూసుకుని కూర్చున్నావు. ఇతని ఒళ్ళో నేను నెత్తురు కక్కినాను. ఇతను ముక్కు మూసుకోలేదు."

"ఆపదలో ఎవురైనా చేస్తారు. అందుకని బంతిలో కూర్చోబెట్టుకుంటారా? సరే, నీ ఇష్టం. వాళ్ళు తినిపోయిందాకా నేను ఆగుతాను."

"నువ్వు ఆగగలవు. నాకు ఆగే కడుపు లేదు."

కూర్చున్నాను. దేవదానం కూర్చున్నాడు, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు, ఆ రోజు మామూలు కన్నా త్వరగా. నాలుగో విస్తరిలో అన్నం ఆవిరి కక్కుతోంది. శేషమ్మ గరిటె పట్టుకుని ఎవరి వైపు చూడాలో తెలియక నిలబడి ఉంది.

"నువ్వు కూర్చో" అన్నాను.

ఆమె బావని చూసింది, నన్ను చూసింది. గరిటె గిన్నెలో పెట్టి, కొంగు దోపుకుని ఆ పీట మీద కూర్చుంది. మస్తానయ్య పప్పుగిన్నె ఆమె వైపు జరిపాడు. ఆమె ముందు పచ్చడి కలుపుకుని, పప్పు తర్వాత వేసుకుంటుందని ఇరవయ్యేళ్ళ కాపురంలో నాకు ఆ రోజే తెలిసింది.

బావ శుభలేఖ కుర్చీలో పెట్టి వెళ్ళి బస్సులో కూర్చున్నాడు. ఒంటిగంటకి అదే బస్సులో వెనక్కి పోయాడు. టిక్కెట్టు దేవదానమే కొట్టాడు.

ఇప్పుడు, 1964

మొన్న చైత్రంలో మళ్ళీ ఫోటో తీశారు. పుండు మచ్చ మాత్రం మిగిలిందన్నారు. డాక్టరు గారు నా ముఖంలోకి చూసి, "పక్కన మనిషి దొరికినట్టున్నాడే" అన్నారు. అవునన్నాను. ఆయన చెప్పిన మాట నిజమేనని మాత్రం ఒప్పుకోలేదు. ఆయన మీద కోపం ఇంకా కొంత ఉంది. నా మీద ఉన్నంత లేదు.

నిన్న ఆ ముగ్గురికీ, తెల్లపొడి పేరు రాసుకుపోయిన వాళ్ళకి, కబురు పంపాను. మందులో మిగతా సగం చెబుతాను, రేపు పదకొండున్నరకి భోజనానికి రమ్మన్నాను. అతిథిని పిలవడం మా ఇంట లేదని మొదట్లో రాశాను. అది నిన్నటి దాకా. పీటలు పన్నెండు ఉన్నాయి, తుడిచి వసారాలో పెట్టించాను. వేళకి రమ్మని గట్టిగా చెప్పి పంపాను. ఆలస్యం చేస్తే మేం ఆగం.